పొట్టేలు షాట్

"ఆ పొట్టేలు షాట్ నీకు నచ్చలేదంటే, సినిమానే అర్థం కాలేదన్నమాట!" అంటూ నరసప్ప బల్ల మీద గట్టిగా చరిచాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం హిందూపురంలో పుస్తక మిత్రుల సంఘం వాళ్లు కిటికీలకు దుప్పట్లు కట్టి, గది చీకటి చేసుకుని, దేశదేశాల్లో బహుమతులు కొట్టుకొచ్చిన సినిమా ఒకటి చూశారు. బోరు పడని ఊరి కథ అది. లైట్లు వేశారో లేదో గొడవ మొదలైంది. బల్ల చరిచిన నరసప్ప సంఘానికి అధ్యక్షుడు, రిటైరైన లెక్చరర్. ఆయనకు ఎదురు చెప్పిన పవిత్ర పెనుకొండ హైస్కూల్లో లెక్కల టీచరు; తెర మీద సినిమా వేసింది ఆమె ల్యాప్‌టాప్ నుంచే.

"సినిమా బాగలేదని నేనెప్పుడన్నాను సార్? బాగుండాది. ట్యాంకరు కాడ తల్లీకూతుళ్లు బిందె కోసం కొట్లాడుకుంటాంటే నాకు కండ్లనీళ్లు వచ్చె. ఆ పొట్టేలొక్కటి ఎందుకని అడుగుతాండా, అంతే."

"ఎందుకా? సినిమాకు ప్రాణమే అది కదమ్మా! కెమెరా కదల్లేదు, పొట్టేలు కదల్లేదు. మాట లేదు, సంగీతం లేదు. కాలం గడ్డకట్టుకొని పోయినట్టు లేదూ?"

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి దాసప్ప అందుకున్నాడు. "దాని పక్కన పగిలిన నీలం బకెట్టు చూసినావామ్మా? అది వట్టి బకెట్టు కాదు, మన సీమ. ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. తీసినోడు ఎవడో గాని, వానికి చేతులెత్తి మొక్కల్ల."

గదిలో అందరూ తలలూపారు. అంతవరకు బకెట్టును గమనించనివాళ్లు మరీ గట్టిగా ఊపారు.

నరసప్ప కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ షాట్ నడుస్తుండగానే పవిత్ర లేవబోయింది. "కూర్చోమ్మా, ఇట్లాంటి చోట లేవగూడదు" అని ఆయన గదమాయిస్తే కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచి, అందరూ ఉష్ ఉష్ అంటున్నా వినకుండా, తెర ముందునుంచి వంగి నడిచిపోయింది. అంతటి కళాఖండం మీద ఆమె నీడ పడింది. దాన్ని ఆయన ఎలా క్షమిస్తాడు?

క్షమించకపోతే పోయేది చిన్న విషయం కాదు. ఏటా ఈ సంఘం ఒక పుస్తకాన్ని ఎంచుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడులన్నిటికీ పంచిపెడుతుంది. ఆ ఎంపిక ఈ రోజే. పవిత్ర ఒక లెక్కల పుస్తకం తెచ్చింది. ఊరూరా అమ్ముడుపోతున్న పుస్తకం. సూత్రాలు బట్టీ పట్టించేది కాదు, లెక్కల వెనకున్న ముచ్చట్లు చెప్పేది. ఆమె బడిలో ఆడపిల్లలకు లెక్కల పీరియడ్ అంటే చాలు, కడుపునొప్పి వచ్చేది. అందులోంచి కొంచెం కొంచెం చదివి వినిపించడం మొదలుపెట్టాక, ఆ పిల్లలే గంట కొట్టినా లేవకుండా "ఇంకొకటి చెప్పండి మేడమ్" అని పట్టుబడుతున్నారు. ఆ పుస్తకం వాళ్ల చేతికే ఇచ్చేయాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

నరసప్పకేమో సినిమా వ్యాసాల పుస్తకం ఒకటి పంచాలని ఉంది. దానికి ముందుమాట రాసింది ఆయనే మరి.

"ఆ లెక్కల పుస్తకం నేనూ తిరగేస్తి," అన్నాడు ఆయన పెదవి విరుస్తూ. "రైల్లో పొద్దుపోకుంటే చదువుకోవచ్చు. అందరూ ఎగబడి కొంటాండారంటేనే తెలుస్తాది, దాంట్లో లోతు లేదని."

"అందరూ పొగిడితే సినిమా గొప్పదయితాది, అందరూ కొంటే పుస్తకం తక్కువదయితాదా సార్?"

వెనక వరసలో నర్సు పర్వీన్ కిసుక్కున నవ్వింది. నరసప్ప అటు ఉరిమి చూశాడు.

"ఆ పుస్తకంలో నాకు నచ్చిందేందో చెప్తా వినండి," అంది పవిత్ర. "ఎంత పెద్దోళ్లు చెప్పినా ఊరికే ఒప్పుకోవద్దంటాది. ఎట్ల తేలిందో చూపించమని అడగమంటాది. మా పిల్లోళ్లకు అది నేర్పల్ల సార్."

"అయితే నువ్వే చూపించు!" నరసప్ప కుర్చీలోంచి లేచాడు. "ఆ పొట్టేలుకు సినిమాలో పని లేదని తేల్చు. తేలిస్తే నీ పుస్తకమే పంచుదాం. లేదంటే నోరు మూసుకొని నా పుస్తకానికి చెయ్యెత్తల్ల."

"నిజంగానా సార్? మల్ల మాట మార్చగూడదు."

"జీవితమంతా పాఠాలు చెప్పినోణ్ణి. మాటంటే మాటే!"

"అందరికీ సమ్మతమేనా?"

గదిలో చేతులన్నీ లేచాయి. దాసప్ప హుషారుగా రెండు చేతులూ ఎత్తాడు. పర్వీన్ మాత్రం ముందుకు వచ్చి పవిత్ర చెవిలో గుసగుసలాడింది. "ఎందుకే నీకీ పంతం? ఆ సినిమా తీసినోడు యాడున్నాడో ఏమో. ఆయప్ప మనసులో ఏముండాదో నువ్వెట్ల తేలుస్తావు?"

"చూస్తాండక్కా," అని పవిత్ర ముందుకు నడిచింది. ఇంతసేపూ పంటి బిగువున ఆపుకున్న నవ్వు ఇక ఆమె వశంలో లేదు. పెనుకొండలో తన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం గుండెకు హత్తుకుని ఇంటికి పోతున్నట్టు కళ్ల ముందు కనబడింది.

"సినిమా మధ్యలో ఆగిపోయింది సార్. నా ల్యాప్‌టాప్ కాసేపు ఊరికే ఉంటే దాంట్లోని ఫొటో చూపిస్తాది. సరిచేద్దామని లేస్తే మీరే కూర్చోమంటిరి," అంది. "ఆ పొట్టేలు మా నాయనది, బకెట్టు మా అవ్వది!"