ఆవిడ వల్లే

సూపరింటెండెంటు కూర్చోమనకముందే ఆవిడ కూర్చుంది.

భుజం మీద తెల్లదారం పోగొకటి అంటుకుని ఉంది. బట్టలు కుట్టే మనిషని చూడగానే తెలుస్తోంది.

“పిల్లల వార్డులో పెద్దక్కని తీసేస్తున్నారట?”

పెద్దక్క అంటే ఆ వార్డులో పాత నర్సు. ఆసుపత్రికి ఆసుపత్రంతా అలాగే పిలుస్తుంది.

“మీకెవరు చెప్పారు?”

“ఇలాంటివి ఒకరు చెప్పాలా? గేటు దాటి మా వీధి దాకా వాటంతటవే వచ్చేస్తాయి. ఎందుకు తీసేస్తున్నారు?”

ఆయన కొత్తగా వచ్చాడు. ఆసుపత్రి గాలి ఇంకా వంటబట్టలేదు. వచ్చీ రాగానే పాత లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి తేల్చిన మొదటి సంగతి ఇదే. అందుకని కాస్త ముచ్చటపడుతూనే చెప్పాడు.

“మిగతా నర్సులకంటే ఆవిడ చేతుల మీద రెండింతలమంది పిల్లలు పోయారమ్మా. ఊరికే అనడం లేదు. అదే వార్డు, అవే మందులు, అదే డాక్టరు. మారేది నర్సు ఒక్కతే.”

“పిల్లలు కూడా అదే పిల్లలా?”

ఆయన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

“ఏ పిల్లాణ్ణి ఏ నర్సుకి అప్పగించాలో ఎవరు చెబుతారండీ?”

“డాక్టరు.”

“ఏం చూసి చెబుతారో అడిగారా?”

“లెక్క కళ్లెదురుగా కనిపిస్తుంటే అడగడానికేముందమ్మా?”

“నా దగ్గరికొచ్చే బట్టల్లో సగం చిరిగినవే. మీ లెక్కన ఊళ్లో బట్టలు చింపుతున్నది నేనే.”

గుమ్మం దగ్గర బంట్రోతు నవ్వాపుకోలేక దగ్గాడు.

ఆ దగ్గు ఆయనకి గుచ్చుకుంది.

“అర్థమైందిలెండి. మీ పిల్లాణ్ణి ఆవిడ బతికించి ఉంటుంది. ఆ విశ్వాసం మాట్లాడిస్తోంది.”

ఆవిడ లేచింది.

“నేనెందుకొచ్చానో కూడా మీరే తేల్చేశారు. తీసేయడం మీ చేతిలో పని, తీసేయండి. ఆవిడ వల్లే పోయారని మాత్రం రాయకండి. ఆ సంగతి మీకు తెలీదు.”

“నాకేం తెలుసో తెలీదో చెప్పడానికి మీరెవరు?”

ఆవిడ తలుపు కూడా వేయకుండా వెళ్లిపోయింది.

పంతానికి ఆయన ఆర్డరులో ‘ఆవిడ వల్లే పోయారు’ అనే రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం పిల్లల డాక్టరు విసురుగా లోపలికొచ్చాడు.

“పెద్దక్కని పంపించేస్తే, ఇక ఊపిరాడని పిల్లల్ని ఎవరి చేతిలో పెట్టమంటారు సార్?”

“అలాంటివాళ్లని ఆవిడకే ఇస్తున్నారా?”

“ఇంకెవరికిస్తాం? మిగతావాళ్లు చూసేది దగ్గులూ జ్వరాలూను. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను.”

ఆయన వార్డుకి వెళ్లేసరికి పెద్దక్క తనే రాజీనామా రాసి బల్ల మీద పెట్టి, మందుల బీరువా తాళాలు చిన్న నర్సుకి అప్పగిస్తోంది.

“ఆర్డరు వెనక్కి తీసుకుంటాను. ఉండిపోండి.”

“మీ ఆర్డరు మీరు వెనక్కి తీసుకోండి సార్. నా రాజీనామా నేను తీసుకోను. నా వల్లే పోయారని రాశాక, ఏ తల్లి ఎదుట ఏ మొహం పెట్టుకుని నిలబడను?”

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. ఆవిడ గుమ్మం దాటుతుంటే ఉండబట్టలేక అడిగాడు.

“పొద్దున మీ తరఫున నాతో పోట్లాడింది, ఆ బట్టలు కుట్టే ఆవిడ... మీ బంధువా?”

“కాదండీ.”

“మరి ఆవిడ పిల్లాణ్ణి మీరు బతికించారా?”

పెద్దక్క సంచీ భుజానికి తగిలించుకుంది.

“లేదండీ,” అంది, “వాడు నా చేతుల్లోనే పోయాడు.”