రాయ్‌పూర్ ఇంజక్షన్

వారంగా ఆసుపత్రి గడప దాటని సత్యలక్ష్మి, మిట్టమధ్యాహ్నం ఆటో దిగింది.

పక్క క్వార్టరు కిటికీలోంచి చూసిన సింహాచలమ్మకు గుండె జారిపోయింది. చావుబతుకుల్లో ఉన్న మొగుణ్ణి వదిలి ఏ ఆడది ఇంటికొస్తుంది? అప్పలసూరికి ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేసి ఉంటారు.

సింహాచలమ్మ అసలే పిరికిది. ప్లాంటు సైరన్ కూత కాస్త ఆలస్యమైతే చాలు, ఎక్కడో సొంతూరి వైపున్న సింహాద్రి అప్పన్నకు ముడుపు కట్టే రకం. వండిన అన్నం గిన్నెలో పెట్టుకుని పరుగెత్తింది.

సత్యలక్ష్మి వరండాలో నిలబడి ఉంది. ఇంటి తాళం కూడా తియ్యలేదు.

"ఏటొదినా, ఇలాగొచ్చేసినావు? అన్నయ్యకెలాగుంది?"

సత్యలక్ష్మి కళ్లు ధారగా కారాయి.

"బెంగెట్టుకోకు. మా ఆయన పొద్దున్నే ఇంజక్షన్ కోసం స్కూటరేసుకుని రాయ్‌పూర్ ఎల్లారు కదా. గంట దారే, ఈపాటికి వచ్చేస్తుంటారు. అది పడితే అన్నయ్య లేచి కూకుంటారు, సూడు."

సత్యలక్ష్మి భోరుమంది. సింహాచలమ్మకు భయం రెట్టింపయింది. మందు కూడా అక్కర్లేని దాకా వచ్చిందా?

అన్నం కలిపి ముద్ద పెట్టబోతే, సత్యలక్ష్మి ఆ ముద్దను తిప్పి ఆమె నోటికే అందించింది.

"నువ్వు తినలేదు కదొదినా. ముందు నువ్వు తిను. నా మీద ఒట్టు."

కష్టంలో ఉన్న మనిషి మాట కాదనకూడదని నాలుగు ముద్దలు మింగింది. సత్యలక్ష్మి ఆమె ముఖాన చెమటకు కారిన బొట్టును కొంగుతో సరిచేసి, అలాగే చూస్తూ ఉండిపోయింది. పాపం, మతి చలించిందేమో అనుకుంది సింహాచలమ్మ. మంచినీళ్లు తెద్దామని లేవబోతే సత్యలక్ష్మి చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"నన్నొగ్గీసి ఎల్లకొదినా."

"ఎక్కడికెల్తాను? నానున్నాను కదా!"

అప్పుడే వీధి చివర ఆంబులెన్సు మలుపు తిరిగింది. వెనకాల స్కూటర్ల మీద ప్లాంటు వాళ్లు, తలలు దించుకుని.

సింహాచలమ్మ ఆ గుంపులో తన మొగుడు పరబ్రహ్మం కోసం వెతికింది. కనబడలేదు. సమయానికి ఈ మనిషి ఎప్పుడున్నాడు కనక!

చేసేది లేక సత్యలక్ష్మిని తనే రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"గుండె రాయి సేసుకో వదినా" అంది ఏడుస్తూ.

ఆంబులెన్సు సత్యలక్ష్మి గుమ్మం దాటి, సింహాచలమ్మ గుమ్మం ముందు ఆగింది.