లోపలి జేబు

ఆట వదిలారు. సినిమా హాలు మెట్ల మీద కూర్చుని ఆమె ఫోనులో టకటకా రాసుకుంటోంది.

పత్రికలో ఆమెది వారం వారం వచ్చే కాలమ్. ఏ సినిమా అయినా మొదటి ఆట చూసి, ఇల్లు చేరకముందే నాలుగు ముక్కలు రాసి పంపాలి. ఆఫీసులో అందరూ ఆమెను ‘మొదటాట’ అనే పిలుస్తారు. చెయ్యి చురుకు, నాలుక అంతకన్నా చురుకు.

ఆ వారం వచ్చినవి రెండూ కొనసాగింపులే. పొద్దున చూసింది కుటుంబ కథ, మూడో భాగం. మొదటి భాగంలో అన్నదమ్ములు విడిపోయారు, రెండోదాంట్లో కలిశారు, మూడోదాంట్లో ఏం చెయ్యాలో తోచక మళ్ళీ విడిపోయారు అని రాసి, దాని సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసింది.

ఇప్పుడు చూసింది ఎగిరే పిల్ల కథ, రెండో భాగం. దీని మీద గంపెడాశ పెట్టుకుని వచ్చింది. ఉసూరుమనిపించారు.

మొదటి భాగం ఆమెను ఏడిపించిన సినిమా. పదేళ్ళ పిల్ల మొదటిసారి మేడ మీంచి ఎగరబోయి బిక్కచచ్చిపోతుంది. తల్లి వచ్చి, పిల్ల డ్రెస్సు లోపలి జేబులో ఒక రుమాలు పెడుతుంది. గాల్లోకి లేచాక పిల్ల జేబులో చెయ్యి పెట్టి ఆ రుమాలు గట్టిగా పట్టుకుంటుంది. అంతే, ముఖంలోకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

“నటన అంటే అదీ” అని రాసిందప్పుడు.

ఆమె కన్నతల్లి చనిపోయిన ఏడాది అది. ఆ ఒక్క సీను కోసం నాలుగుసార్లు చూసింది. ఆ జేబు ఆలోచన ఎవరిదో తెలిస్తే రెండు చేతులూ పట్టుకుని దణ్ణం పెట్టుకోవాలని ఆమె కోరిక. దర్శకుణ్ణి అడిగితే, అలా తట్టిందండీ అని ఊరుకున్నాడు.

“అమ్మా, సినిమా చూశావా?”

తలెత్తింది. అరవై దాటిన మనిషి. చేతిలో తర్వాతి ఆట టికెట్టు ఉంది. జనమంతా లోపలికి పోతున్నా ఆయన కదలడం లేదు.

“చూశాను బాబాయ్.”

“పిల్ల డ్రెస్సుకి జేబుందా? లోపల, ఎడంవైపు.”

ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి అసలు డ్రెస్సే లేదని చెప్పింది. పిల్లకి ఒంటికి అతుక్కునే చుక్కల బట్ట ఏదో తొడిగి, మిగతాదంతా తర్వాత కంప్యూటర్లో గీశారట. జేబు కాదు కదా, గుండీ కూడా ఉండదు.

“మరి ఎగరడం?”

“అది మాత్రం నిజంగా తాళ్ళు కట్టి వేలాడదీశారట. కిందటిసారి మేడ, ఈసారి ఏకంగా వంతెన. గొప్పగా చెప్పుకుంటున్నారు.”

ఆయన చేతిలోని టికెట్టు వంక చూసుకున్నాడు.

“మరి రుమాలు ఎక్కడ పెట్టుకుంటుంది?”

“ఎగిరేవాళ్ళకి జలుబు చెయ్యదులే బాబాయ్.”

ఆయన నవ్వలేదు. టికెట్టు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి, ఆమె సంచి పట్టీ ఊడేలా ఉందని, వెనక సందులో తనకు కుట్టుమిషను ఉందని, తెస్తే బాగు చేసి పెడతానని చెప్పాడు.

సినిమా పిచ్చి ఉన్న టైలరు కాబోలు అనుకుంది.

ఆ వారం కాలమ్ ఆయనతోనే ముగించింది. ‘ఇన్ని కోట్లు పోసి ప్రపంచాన్ని కాపాడితే, బయట ఒక పెద్దాయన రుమాలు గురించి బెంగ పెట్టుకున్నాడు’ అని. చదివినవాళ్ళు పడీ పడీ నవ్వారు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమెది రోజూ జారే నోరు. ఏనాడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు.

నెల తిరక్కుండా సంచి పట్టీ పుటుక్కున తెగింది. వెతుక్కుంటూ ఆ సందులోకి వెళ్ళింది.

మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పెద్దావిడ ఒకామె కుట్టిన బట్టలు, కుట్టని బట్టలు విడదీసి ఎవరివి వాళ్ళకి మూటలు కడుతోంది. వచ్చినామె చేతిలోని సంచిని చూసి, ఆవిడ అడక్కుండానే లేచి, సొరుగులోంచి పట్టీ ఒకటి తీసింది. అదే రంగు, అదే వెడల్పు.

“నువ్వేనన్నమాట. వస్తావని కత్తిరించి పెట్టారు. ఆయన పోయి మూడు వారాలైందమ్మా.”

ఆమె పట్టీ అందుకుంది. చూపు గోడ మేకు మీద పడింది. చిన్న నీలం డ్రెస్సు ఒకటి వేలాడుతోంది. ఆ నీలం ఆమెకు తెలుసు. దగ్గరికి వెళ్ళి అంచు తిప్పి చూసింది. లోపల, ఎడంవైపు జేబు. జేబులో మడత పెట్టిన రుమాలు.

“ఈ సినిమా అంటే ఆయనకి అంత పిచ్చా పిన్నిగారూ?”

“పిచ్చి కాదమ్మా. మొదటి భాగానికి బట్టలు కుట్టింది ఈయనే. రెండోదానికి పిలవలేదు. పిల్ల ఎదిగుంటుందని అందాజుగా ఇది కుట్టి పెట్టుకుని, ఎవరిచేత పంపనా అని తిరిగారు. ఈలోగా సినిమానే వచ్చేసింది. పిల్లని జేబు లేకుండానే వంతెన మీంచి వేలాడదీశారని ఎవరో చెప్పారట. ఆ రోజు నుంచీ అన్నం సరిగ్గా తినలేదు.”

ఆ ఎవరో తనే. సంచి కింద పెట్టి, అక్కడున్న పీట మీద కూలబడింది.

“మరి, ఆ జేబు కుట్టమని దర్శకుడు చెప్పాడు కదా?” అని మెల్లగా అడిగింది.

“చూసి కథలో కలుపుకున్నాడంతే. తాళ్ళకి కట్టి పైకి లాగేసరికి పసిది నిజంగానే వణికిపోయిందట. ఈయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా లోపల జేబు కుట్టి, తన రుమాలే అందులో పెట్టి, ‘భయమేస్తే ఇది పట్టుకోమ్మా, కింద నేనున్నా’ అని చెప్పి పంపారట.”