పట్టా పరీక్ష

"నా కాన్వాసు పట్టాకి వంక పెడితే ఈ బండి ఇక్కణ్ణించి అంగుళం కదలదు!" ట్రైలరు మీద నిలబడి అరిచాడు డ్రైవరు.

"వంకలు ఉన్నాయి కాబట్టే పెడుతున్నాను నాన్నా!" కింద నుంచి కూతురు అంతకన్నా గట్టిగా అరిచింది. "చినుకు పడితే చాలు, నీళ్లన్నీ తాగి ఏనుగంత బరువెక్కుతుంది. ఈ బూడిదరంగు టార్పాలిన్ పట్టా చూడు. మందంగా ఉంది, పైన పూత ఉంది. నీళ్లు నిలవవు, దిగవు."

"అది జారుతుంది."

"తాడు సరిగ్గా కడితే ఎందుకు జారుతుంది?"

ట్రైలరు మీద ఇల్లంత జనరేటరు కూర్చుని ఉంది. దాని కొత్త రంగు వాసన ఫ్యాక్టరీ ఆవరణంతా కొడుతోంది. పైన మబ్బు నల్లగా దిగి వస్తోంది. పక్కనున్న వైర్ల పెట్టెలోకి ఒక్క చుక్క దిగినా సరే, అవతల సరుకు దించుకునేవాళ్లు దాన్ని ముట్టుకోరు.

క్యాబిన్ మెట్టు మీద కూర్చుని క్యారియర్ గిన్నెలు సర్దుతున్న భార్య తలెత్తింది. "ఏవండీ, ఆ కాన్వాసు తడిస్తే పిండలేక, ఎండబెట్టలేక చచ్చేది నేను. నా ఓటు బూడిదరంగుకే."

"అదుగో, తల్లీకూతుళ్లు ఒకటయ్యారు!"

"పందెం కాస్తావా నాన్నా?" నడుముకి చున్నీ బిగించింది కూతురు. "మేము కడతాం. నువ్వు లోపల దూరి చూడు. చీమ తలకాయంత వెలుగు కనిపించినా నీ కాన్వాసే కప్పుదాం. కనిపించకపోతే స్టీరింగు నాది."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "స్టీరింగే! ఇంత పొడుగు బండి చీర కొంగనుకున్నావా, లాగితే రావడానికి? ఇది నా మాట తప్ప ఎవరి మాటా వినదే పిచ్చిదానా!"

"పందెమా, కాదా?"

"పందెమే!"

తల్లీకూతుళ్లు పనిలోకి దిగారు. జనరేటరు పదును మూలలు పట్టాని కొయ్యకుండా పాత టైరు ముక్కలు తొడిగారు. బూడిదరంగు పట్టాలు రెండు; బండి వెనక సగానికి కప్పేది మొదట పరిచారు. దాని అంచు మీదకి వచ్చేలా ముందు సగానికి కప్పే రెండోది లాగబోయేసరికి గాలి కిందకి దూరింది. అంతే, పట్టా బూరెలా పొంగి కూతుర్ని మునివేళ్ల మీద నిలబెట్టేసింది.

"అమ్మా, ఎగిరిపోతున్నానే!"

భార్య ఒక్క గంతులో వెళ్లి ఓ మూల మీద కూర్చుంది. రెండో మూల లేచింది. "అచ్చం మీ అమ్మగారి కోపమేనండీ! ఇటు నొక్కితే అటు లేస్తోంది!"

డ్రైవరు తాను ఎదుటి పక్షమన్న సంగతే మరిచిపోయి ఆ రెండో మూల మీద బోర్లా పడ్డాడు. ముగ్గురూ పట్టా మీద పడి, ఊపిరాడక నవ్వారు.

తర్వాత ఆయన వెనక నుంచి లోపలికి పాకాడు. "నాలుగు వైపులా బిగించండి! నా మీద జాలి పడొద్దు!"

బయట తాళ్లు కిర్రుమంటున్నాయి. లోపల కాటుక చీకటి. మూలలు వెతికాడు, అతుకులు వెతికాడు, ఇత్తడి రింగుల చుట్టూ వెతికాడు. ఉన్నట్టుండి కాస్త వెలుగు!

"దొరికావే!" అని కేకేసి దాని మీద చెయ్యి వేశాడు. అది తన జేబులో ఫోను.

అప్పుడే వాన మొదలైంది. పట్టా మీద పెళ్లి డోళ్లు మోగినట్టు మోగింది. వైర్ల పెట్టె తడిమి చూశాడు. పొడి. నేల తడిమాడు. పొడి. ఓడిపోయానని ఏడవాలో, కూతురు గెలిచిందని గంతులెయ్యాలో ఆయనకి తెలియలేదు. గంతులేద్దామంటే తల పైన జాగా లేదు.

"క్రేను వస్తోంది, బండి షెడ్డులో పెట్టండి!" బయట వాచ్‌మన్ కేక. ఆ వెంటనే ఇంజను గుర్రుమంది.

"ఏయ్, ఆగవే! ముందు నన్ను దించు!" డ్రైవరు అరుపు వానలో కొట్టుకుపోయింది.

ట్రైలరు కదిలింది. ఆయన జనరేటరు కొక్కెం పట్టుకుని, అంత చీకట్లోనూ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. షెడ్డు మలుపులో స్తంభం ఉంది. ఇప్పుడు గీసుకుంటుంది... ఇప్పుడు... గీసుకోలేదు! బండి ఆగింది. రివర్సు బూర మొదలైంది. ఇంత పొడుగు బండి వెనక్కా! దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాడు.

పుట్టలోకి పాము జారినట్టు బండి నెమ్మదిగా, వంకర లేకుండా వెనక్కి జారుతోంది. చిన్న కుదుపు కూడా లేదు. డ్రైవరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉండబట్టలేక ఫోను తీసి కూతురికి కొట్టాడు.

"ఓడిపోయానే అమ్మా! చుక్క దిగలేదు, పిసరంత వెలుగు రాలేదు! స్టీరింగు నీదే! ఆ మలుపులో నేనే ముందుకీ వెనక్కీ తంటాలు పడతాను, నువ్వు ఒక్క ఊపులో తిప్పేశావు! ఎంతైనా నా రక్తం! ఇంత చక్కగా ఎవరు నేర్పారే నీకు?"

"నాకింకా నేర్పుతోంది నాన్నా," కూతురు నవ్వు ఆపుకుంటూ అంది. "ఉండు, అమ్మ బండి ఆపాక ఫోనిస్తా."