మేపుల్ గిన్నె

మెడలోని తువ్వాల కొస లేత్ మిషన్ బెల్టులో పడిందని తెలిసేలోగానే వెంకట్రాజం తల, మిషన్ మీద చెక్కుతున్న కర్రగిన్నె మీదికి వంగిపోయింది. ఇక పీక తెగడమే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మిషన్ ఆగింది. వరంగల్‌లో కరెంటు కోతను తిట్టనివాడు లేడు. వెంకట్రాజం మాత్రం ఆ క్షణాన దానికి మనసులోనే దండం పెట్టాడు. కానీ పోయిన కరెంటు మళ్ళీ వస్తుంది కదా!

ఆ ఊహ రాగానే మెడ విడిపించుకోబోయాడు. తువ్వాల బెల్టుకూ చక్రానికీ నడుమ ఇరుక్కుంది. లాగితే రాదు. చించుదామంటే నేత గట్టిది. ఉలి ఎక్కడో కింద పడింది. స్విచ్చు గోడకుంది, చెయ్యి అందదు. చెంప కింద సగం చెక్కిన గిన్నె. ఏదో మిల్లులో పాత మిషన్ విప్పితే దొరికిన మేపుల్ కర్ర దిమ్మె అది. నీటి అలల్లాంటి దాని చారలు చూసి పొద్దున ఎంత మురిసిపోయాడో! ఇప్పుడవి కంటికి ఆనుకునే ఉన్నా చూడాలంటే భయమేసింది.

"ఏందయ్యా, చప్పుడు బందైంది?" తలుపవతల నుంచి భార్య యాకమ్మ అడిగింది.

ఆమెకు నెలలు నిండాయి. కర్రపొట్టు ఆమెకు పడదని తలుపుకు లోపల గొళ్ళెం పెట్టుకున్నది తనే. గొంతు దాకా వచ్చిన కేకను మింగేశాడు. నిండు చూలాలు, బెదిరితే ఇంకేమైనా ఉందా?

"ఏం లేదు. జర ఎల్లస్వామన్నను పిల్వు. జల్ది రమ్మను" అన్నాడు, గొంతు వణకకుండా. ఎదురింటి ఎల్లస్వామి రైల్వే గ్యాంగ్‌మన్. ఒక్క తన్ను తంతే తలుపు ఊడి కింద పడుతుంది.

యాకమ్మ వెళ్ళింది. అంతలో పక్క సందులో పిండిగిర్నీ మొదలైంది. కరెంటొచ్చేసింది! పళ్ళు బిగబట్టి, పుట్టబోయే బిడ్డను తలుచుకున్నాడు.

మిషన్ కదల్లేదు.

"కరెంటు అందరికున్నదట. మన ఫ్యూజే కొట్టేసిందట!" యాకమ్మ తిరిగొచ్చి చెప్పింది.

వెంకట్రాజానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎవరో ఒకరు కడితే తప్ప, పోయిన ఫ్యూజు దానంతటది రాదు. బతికిపోయాడు.

"మరి ఎల్లస్వామన్న ఏడున్నడు? ఇటు రమ్మను."

"ముందల మీటర్ కాడున్నడు. నువ్వు పిల్వమన్నది గందుకే గదా! తీగ కట్టుడైంది, ఇగో ఫ్యూజు పెడ్తాండు."