ఎవరి గొంతూ వద్దు

"అల్లా మీద ప్రమాణం చెయ్యి. బతికున్నంత కాలం ఈ మిమిక్రీ జోలికి పోనని చెప్పు," అన్నాడు మసీదు కమిటీ అధ్యక్షుడు.

కుర్రవాడు తల వంచుకుని నిలబడ్డాడు. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడు. ఐదు పూటలా నమాజు చేస్తాడు, స్టేజీ ఎక్కితే జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తాడు. ఈ రెండింటికీ పేచీ ఉందని మూడు వారాల క్రితం దాకా అతనికి తెలియదు. అప్పుడే కాలేజీ వార్షికోత్సవంలో అధ్యక్షుణ్ణి అనుకరించాడు. గొంతు సవరించుకోవడం, తుమ్మబోయి ఆగిపోవడం, ప్రతి మాటకూ ముందు "విషయం ఏమిటంటే" అనడం, ఏదీ వదల్లేదు. ఎవడో పుణ్యాత్ముడు దాన్ని వీడియో తీసి ఊరంతా పంచిపెట్టాడు.

"విషయం ఏమిటంటే," అని మొదలుపెట్టాడు అధ్యక్షుడు. పక్కనే కూర్చున్న కమిటీ సభ్యుడు, దర్జీ, నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

అధ్యక్షుడికి తన గురించి బాధ లేదట. ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. ఆయన టైల్స్ షాపుకి వచ్చేవాళ్లు కూడా "విషయం ఏమిటంటే" అంటూ బేరం మొదలుపెడుతున్నారట, అయినా ఆయన పట్టించుకోవడం లేదట. తోటివాణ్ణి వెక్కిరించవద్దని గ్రంథంలోనే ఉంది కదా, అజాన్ ఇచ్చే మౌజన్ కొడుకే ఇలా కుప్పిగంతులు వేస్తే మిగతా పిల్లలకు పగ్గాలు ఎవరు వేస్తారు అన్నదే ఆయన బాధ.

కుర్రవాడి తండ్రి, ఆ మౌజనే, గోడవారగా చాప మీద కూర్చుని వింటున్నాడు. మసీదు వెనక గది అది. ఒక మంచం, ఒక స్టవ్వు, దండెం మీద రెండు జతల బట్టలు, తండ్రీ కొడుకులూ. ఉద్యోగంతో పాటు వచ్చిన గది కనుక ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఉంటుంది.

"మీ అబ్బాను చూడు. ఆ వీడియో వచ్చిన దగ్గర్నుంచీ మైకులో అజాన్ ఇవ్వడం తప్ప ఎవరితోనైనా నోరు విప్పాడా? సలాం చెబితే చెయ్యెత్తి ఊరుకుంటున్నాడు. ఇరవై ఏళ్లు తలెత్తుకు తిరిగిన మనిషిని ఏం చేశావో చూడు," అన్నాడు అధ్యక్షుడు.

ఊరంతా చూస్తున్న సంగతే అది. నమాజు వరుసలో నిలబడి చెప్పాల్సిన పిలుపు కూడా మౌజన్ పక్కవాడికి సైగ చేసి చెప్పిస్తున్నాడు. కొడుకు చేసిన పనికి సిగ్గుతో నోరు కట్టేసుకున్నాడని అందరూ జాలిపడుతున్నారు.

"తప్పయింది చాచా. అందరి ముందూ క్షమాపణ చెబుతాను. కానీ మానెయ్యమనకండి. ఆదివారం పోటీ ఉంది. మనుషుల్ని చెయ్యను, రైళ్లూ పిట్టలూ చేస్తాను," అన్నాడు కుర్రవాడు.

పిట్టలకు పరువు నష్టం ఏముంటుందని దర్జీ అడ్డుపడబోయాడు. అధ్యక్షుడు వినలేదు. ఇవాళ పిట్ట అంటాడు, రేపు మళ్లీ తన దగ్గరికే వస్తాడన్నాడు. ఒట్టు వెయ్యకపోతే శుక్రవారంలోగా గది ఖాళీ చెయ్యాలనీ, సొంత కొడుకును అదుపులో పెట్టలేనివాడు మసీదుకు అక్కర్లేదనీ తేల్చేశాడు.

కుర్రవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఊపాడు. నిన్ను చూసి ఎంత విసిగిపోయాడో అర్థమైందా అన్నాడు అధ్యక్షుడు.

స్టేజీ మీద చేసినవాటికి ఆ పిల్లవాడు ఎన్నడూ నిద్ర పాడుచేసుకోలేదు. ఈ మూడు వారాలుగానే కంటి మీద కునుకు లేదు. నమాజులో నుదురు నేలకు ఆనించినా అదే గుబులు. తాను చేస్తున్నది పాపమో కాదో తేల్చి చెప్పేవాళ్లు లేరు, అడగడానికి ధైర్యమూ లేదు. ఇక చాలనిపించింది.

"అల్లా సాక్షిగా చెబుతున్నాను. ఈ క్షణం నుంచి మనిషిదైనా పిట్టదైనా, ఇంకొకరి గొంతు నా నోట రాదు," అన్నాడు.

దర్జీ నిట్టూర్చాడు. గెలిచినవాడికి వచ్చే మంచితనం అంతా ఇంతా కాదు. అధ్యక్షుడు కుర్రవాణ్ణి కావలించుకుని కళ్లు తుడుచుకున్నాడు, సెలవుల్లో తన షాపులో పనికి పెట్టుకుంటానన్నాడు. ఆ తర్వాత మౌజన్ వైపు తిరిగాడు.

"లేవండి, పొద్దుగూకింది, మగ్రిబ్ నమాజు వేళయింది. ఇవాళ మీ అజాన్ మనసారా వింటాను."

తండ్రీ కొడుకులు మైకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మీటలు నొక్కడానికి కొడుకు వెంట వెళ్లడం మామూలే. బయట జనం కాళ్లూ చేతులూ కడుక్కుని, కుళాయిలు కట్టేసి నిలబడ్డారు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. అధ్యక్షుడు గడియారం చూసుకుని, లౌడ్‌స్పీకర్ వైపు తలెత్తాడు.

లోపల కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మీట ఇంకా నొక్కలేదు.

"వద్దు అబ్బా. అల్లా మీద ఒట్టేశాను. మీ గొంతు కూడా అందులోదే."

ఇక మాట రాదని మూడు వారాల క్రితమే డాక్టరు తేల్చేసిన ఆ మౌజన్, ఒక చేత్తో కొడుకు గడ్డం పట్టుకుని, రెండో చేత్తో మైకును రోజూలాగే అతని నోటి ముందుకు జరిపాడు.