పది సెకన్లు చాలు

"ఆ ఫైలు తీసి అవతల పారెయ్యమ్మా. ఒక్కడి కోసం నాలుగొందల మందిని నిలబెడతామా?" అన్నాడు ఆఫీసరు ప్రకాష్, గడియారం చూసుకుంటూ.

పన్నెండున్నర అయింది. పెన్షనర్లు తాము బతికే ఉన్నామని వీడియో పంపుకోవడానికి ఈరోజే ఆఖరు. అదీ రెండు గంటల వరకే. పొద్దుటి నుంచి వెబ్‌సైట్లో ఆ ఫారం ఒక్క అంగుళం కదిలితే ఒట్టు. వీడియో పెట్టి నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటోందని అమలాపురంలోని పెన్షన్ ఆఫీసుకి ఒకటే ఫోన్లు. కంప్యూటర్ల సంగతి చూసే పద్మశ్రీ ముందు నెట్‌ని తిట్టింది, తర్వాత సర్వర్ని తిట్టింది, చివరికి అసలు దొంగని పట్టుకుంది. కాట్రేనికోన నుంచి సుందరరావు అనే రిటైర్డ్ కండక్టరు పంపిన వీడియో అది. ఫారం దాన్నే నములుతూ కూర్చుంది. వెనక వచ్చినవన్నీ పడిగాపులు పడుతున్నాయి.

"తీసేస్తే ఆయన పెన్షన్ ఆగిపోతుంది సార్."

"ఆగితే మళ్లీ పెట్టుకుంటాడు. మూణ్ణెల్లు పడుతుంది, అంతేగా?"

"ఆ మూణ్ణెల్లూ ఏం తింటారండీ?"

"అరగంట టైమిస్తున్నాను. నీ తంటాలేవో నువ్వు పడు. ఒంటిగంటకి మాత్రం అది అక్కడ ఉండకూడదు" అని ప్రకాష్ తన గదిలోకి వెళ్లిపోయాడు.

పద్మశ్రీ వీడియో తెరిచింది. చూపించాల్సింది మొహం, చెప్పాల్సింది పేరూ తేదీ. పది సెకన్లు చాలని ఫారం నెత్తిమీదే రాసి ఉంది. ఈ మహానుభావుడిది నలభై ఎనిమిది నిమిషాలు! పది సెకన్లు మించితే తీసుకోవద్దని కట్టడి పెట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు, పద్మశ్రీతో సహా.

మొదటి పది సెకన్లు మాత్రం ముత్యంలా ఉన్నాయి. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ చొక్కా, స్పష్టంగా పేరు, తేదీ. మిగతాది కోసేస్తే గొడవ వదిలిపోతుంది. కానీ పెన్షనరు ఒప్పుకోందే వీడియో మీద చెయ్యి వెయ్యకూడదని రూలు. ఆవిడ ఫోను చేసింది.

"ఎవరండీ? పెన్షన్ ఆఫీసా? ఆయ్, చెప్పండమ్మా, చెప్పండి!" అవతలి గొంతులో పండగే.

"బాబాయిగారూ, పేరు చెప్పేసి ఆపెయ్యకుండా అంతసేపు తీసేరేంటండీ?"

"ఆపడం వచ్చమ్మా. ఎర్ర చుక్క నొక్కాలని తెలుసు. కానీ మీరెవరూ 'ఉంటానండి' అనలేదు కదా! ఆఫీసువారు అవతల ఉండగా నేనే ముందు కట్టేస్తే ఏం మర్యాదండి?"

పద్మశ్రీ పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. అవతల ఎవరూ ఉండరండి, మిషనే చూస్తుంది అనబోయింది. ఎందుకో ఆ మాట నోటివరకూ వచ్చి ఆగిపోయింది.

"మీ వీడియో పొడుగైపోయి వెనకవాళ్లవి కదలట్లేదండి. పది సెకన్లు ఉంచి మిగతాది కోసెయ్యనా?"

"అయ్యయ్యో! ముప్పయ్యేళ్లు 'గుమ్మంలో నిలబడకండి, లోపలికి జరగండి' అని అరిచినవాణ్ణి, ఆఖరికి నేనే అడ్డం నిలబడ్డానా? కోసెయ్యండమ్మా. అయితే మిగతాదంతా ఎవరూ చూడరాండీ?"

"పెన్షన్‌కి అక్కర్లేదండి."

"ఆయ్. అలాగేనండి."

ఈసారి ఆ గొంతులో పండగ లేదు. పద్మశ్రీకి మనసు చివుక్కుమంది. అయినా పని పనే కదా. వీడియో కోసింది, పది సెకన్ల ముక్కని ఫారానికి తగిలించింది, నొక్కింది. పచ్చ టిక్కు పడింది. సుందరరావు బతికే ఉన్నట్టు రూఢి అయింది. వెనక ఆగినవన్నీ బిలబిలమంటూ కదిలాయి.

"శభాష్!" అన్నాడు ప్రకాష్ బయటికొచ్చి. "ఆ కోసిన ముక్క కూడా తీసెయ్యమ్మా, సర్వర్ మీద బరువు." అంటూనే భోజనానికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ కబుర్లాడుకుంటూ మెస్సుకి బయల్దేరారు. చేరిన కొత్తలో ఆమెనీ పిలిచేవారు. పనుందని రెండుసార్లు అనేసరికి పిలవడం మానేశారు. పిలవకుండా వెంటపడి వెళ్లడానికి మొహం చెల్లక, రోజూ ఈ బల్ల దగ్గరే ఏదో ఇంత తిన్నాననిపించుకుంటుంది. ఒంటరి తిండి ఒంటికి పట్టదంటారు. పట్టడం మాట దేవుడెరుగు, ఆమెకి గొంతే దిగదు.

ఖాళీ అయిన హాల్లో ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. చెరిపేసే బొత్తాం మీదకి వేలు పోయింది. కానీ ఒక మనిషి మాట్లాడిన మాట ఎవరూ వినకుండానే చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. మిగతా ముక్క తెరిచింది.

తెర మీద సుందరరావు కాసేపు ఎదురుచూశాడు. "ఎండలు ముదిరిపోయేయండి. మీకక్కడ ఏసీ ఉంటదిలెండి" అన్నాడు. జవాబు రాలేదు. దానికేం చిన్నబుచ్చుకోలేదు. "మా ఇంటావిడ పోయేక వంట నేనేనండి. ఉప్పూ కారం ఎలా ఉన్నా ఏమనుకోకండే" అంటూ లేచి లోపలికి వెళ్లాడు. వస్తూ రెండు కంచాలు తెచ్చాడు.

ఒకటి తన ముందు పెట్టుకున్నాడు. రెండోది ఫోను ముందు పెట్టి, అందులో వేడన్నం, వంకాయ ఎండురొయ్యల కూర కొసరి కొసరి వడ్డించాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. అన్నం మీద పొగలు తగ్గిపోతున్నా ముద్ద ముట్టలేదు.

"మీరు మొదలెట్టందే నేనెలా తింటానండీ?" అన్నాడు, తెరలోంచి ఆమెకేసే చూస్తూ.

పద్మశ్రీ గబగబా తన అన్నం డబ్బా మూత తీసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, "మొదలెట్టేనండి బాబాయిగారూ, మీరూ కానివ్వండి" అంది.